మేరీ క్యూరీ నెత్తురు లెక్క

మా తమ్ముని పిక్కల మీద సన్నటి ఎర్ర చుక్కలు కనవడ్డ దినం మాకెవ్వరికీ భయం కాలే. పత్తి చేన్ల ఏదో పురుగు కుట్టిందనుకున్నం. వారం దాటినంక పండ్లు తోముకుంటుంటె చిగుళ్లకెల్లి నెత్తురు కారింది. బ్రష్షు గట్టిగ రుద్దిండని అమ్మ వాన్నే కోపం జేసింది. ఇంకో వారానికి బావి కాడికి నడిచిపోతెనే ఆయాసం. ఊర్ల సూదేసేటాయన చూసి, రక్తం తక్కువైందని చెప్పి, పిర్రకు ఒక సూదేసి ఐరన్ టానిక్ రాసిచ్చిండు. సూదేసిన జాగ అరచెయ్యంత నల్లగ కమిలి గడ్డ కట్టింది. టానిక్ తాపుకుంట ఇంకో పది దినాలు పోగొట్టినం. జరం ఒచ్చి పడిపోయినంక గానీ పట్నం దవాఖాన తొవ్వ పట్టలే.

అక్కడ మొదాలు చేసింది సీబీపీ. ఏ చిన్న ల్యాబులనైనా చేసే నెత్తురు పరీక్ష. కాయిదం మీద ప్లేట్‌లెట్లు 9 వేలు అని ఉన్నది. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. తెల్ల కణాలు లేవు, ఎర్ర కణాలు లేవు, అన్నీ కలిసి పడిపోయినయ్. తర్వాత నడుము కాడి బొక్కకు సూది పెట్టి మూలుగ తీసి చూసిన్రు. బీమారి పేరు అప్లాస్టిక్ అనీమియా అన్నరు.

ఆ రాత్రి వార్డు బయట బెంచి మీద కూసోని ఫోన్ల ఆ పేరు కొట్టి చూసిన. చదువుకుంట పోతుంటె ఒక మనిషి పేరు కనవడ్డది. మేరీ క్యూరీ. బడి పుస్తకంల బొమ్మ చూసిన్నే. రేడియం కనిపెట్టింది, రెండు నోబెల్ బహుమతులు ఒచ్చినయ్, గంతే తెలుసు. ఆమె పానం తీసింది మా తమ్మునికి ఒచ్చిన బీమారే అని ఏ సారూ చెప్పలే. గా రాత్రి నుంచి ఆమె బతుకును ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు. చదివినకొద్దీ ఇది మన ఊరి పోరగాండ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట అనిపించింది. అందుకే రాస్తున్న.

అక్క కోసం పంతులమ్మ కొలువు

ఆమె అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. 1867 నవంబర్ 7న పోలండ్‌ల వార్సా పట్నంల పుట్టింది. అప్పుడు పోలండ్ రష్యా జార్ చేతుల కింద ఉన్నది. బడిల సొంత భాష మాట్లాడనియ్యకుండె. నాయిన సైన్సు సారు, తల్లి ఆడపిల్లల బడికి పెద్ద మేడం. తల్లి టీబీతోని చచ్చిపోయేటప్పటికి మరియాకు పదేండ్లు.

చదువుల ఎప్పుడూ ముందే ఉన్నది గానీ, వార్సా యూనివర్సిటీల ఆడోళ్లకు సీటు లేకుండె. ఆడోళ్ల కోసం చాటుంగ నడిచే చదువు ఒకటుండె, పోలీసులకు దొరకకుంట ఇండ్లు మార్చుకుంట పాఠాలు చెప్పుకునేటోళ్లు. అక్కడ కొంత నేర్చుకున్నది. పెద్దక్క బ్రోన్యాకు పారిస్ పోయి డాక్టర్ చదవాలని ఆశ. ఇంట్ల ఇద్దరిని చదివించే పైసలు లేవు. అక్కాచెల్లెండ్లు ఒక మాట అనుకున్నరు. ముందుగాల చెల్లె కొలువు చేసి అక్కను చదివియ్యాలె, అక్క డాక్టరయినంక చెల్లెను పిలుసుకోవాలె.

అట్ల మరియా దూరపు ఊర్ల ఒక భూస్వామి ఇంట్ల పిల్లలకు పాఠాలు చెప్పే పనికి కుదిరింది. మూడేండ్లకు పైన అక్కడే ఉన్నది. ఖాళీ దొరికినప్పుడు ఆ ఊరి రైతు పిల్లలకు చాటుంగ పోలిష్ అక్షరాలు నేర్పింది. దొరికితె శిక్షే. ఆ ఇంటి పెద్ద కొడుకు ఆమెను ఇష్టపడి పెండ్లి చేసుకుంటనన్నడు. కొలువుకొచ్చిన పైసల్లేని పిల్ల మా కోడలా అని తల్లిదండ్రులు వద్దన్నరు. అవమానం దిగమింగి, అక్క చదువుకు పైసలు పంపాలె కాబట్టి అదే ఇంట్ల ఇంకా పని చేసింది.

ఈ ముచ్చట చదివినప్పుడు నాకు గొంతు పట్టుకుపోయింది. నేను పట్నంల డిగ్రీ చదువుతున్న మూడేండ్లు చేన్ల పంపు వీపుకు కట్టుకొని మందు కొట్టింది మా తమ్ముడే. నా హాస్టల్ ఫీజు అక్కడికెల్లే ఒచ్చింది.

1891 ఆఖర్ల మరియా పారిస్ రైలెక్కింది. అప్పటికి 24 ఏండ్లు. సోర్బాన్ యూనివర్సిటీల పేరు మేరీ అని రాయించుకున్నది. చలికి వణుక్కుంట, రొట్టె, చాయ తోని గడుపుకుంట చదివింది. 1893ల ఫిజిక్స్‌ల అందరికన్న ముందు నిలిచింది, మర్సటేడు లెక్కలల్ల రెండో స్థానం. 1895ల పియేర్ క్యూరీ అనే సైంటిస్టును పెండ్లి చేసుకున్నది. ఇద్దరు సైకిళ్ల మీద పల్లెలు తిరుగుడే వాళ్ల పెండ్లి సంబురం.

చీకట్ల మెరిసిన గొట్టాలు

1896ల హెన్రీ బెక్వెరెల్ అనే ఆయన యురేనియంకెల్లి కండ్లకు కనవడని కిరణాలు ఒస్తున్నయని చూసిండు. ఎవ్వరూ పెద్దగ పట్టించుకోలే. మేరీ డాక్టరేటు కోసం దాన్నే ఎంచుకున్నది. పిచ్‌బ్లెండ్ అనే యురేనియం రాయిని కొలిస్తె, అండ్ల ఉన్న యురేనియం లెక్క కన్న కిరణాలు మస్తు ఎక్కువ ఒస్తున్నయ్. అంటె ఇంకేదో దాగి ఉన్నదన్నట్టు. 1898 జులైల ఒక కొత్త మూలకం తేలింది. రాజ్యమే లేకుండ పోయిన తన దేశం పేరు మీద దానికి పొలోనియం అని పేరు పెట్టింది. అదే ఏడు డిసెంబర్‌ల రెండోది, రేడియం.

పేరు పెడితె సరిపోదు, వేరు చేసి చూపియ్యాలె. బొహీమియా గనులకెల్లి టన్నులకొద్ది రాతి పిప్పి తెప్పిచ్చుకున్నరు. ఒకప్పుడు మెడికల్ విద్యార్థులు శవాలు కోసిన పాత షెడ్డు వాళ్లకు దొరికింది. వానొస్తె కారుడు, ఎండాకాలం ఉడుకు, చలికాలం గడ్డకట్టుడు. ఒకసారికి ఇరవై కిలోల దాకా పిప్పిని ఉడకబెట్టుకుంట, తన ఎత్తున్న ఇనుప కడ్డీ తోని పొద్దుందాక కలిపేది. మన కైకిలి పనికి ఏం తక్కువ కాదు. అట్ల నాలుగేండ్లు చేస్తె 1902 నాటికి చేతికొచ్చింది గ్రాముల పదో వంతు రేడియం ఉప్పు.

రాత్రిపూట ఆ షెడ్డుకు పోయి చీకట్ల గాజు గొట్టాలు మెరుస్తుంటె ఆలుమగలు కూసోని చూసేటోళ్లు. ఆ గొట్టాలను జేబుల పెట్టుకున్నరు, ఉత్త చేతులతోని పట్టుకున్నరు. వేళ్లు కాలి, తోలు ఊడి, కొసలు గట్టివడ్డయ్. పియేర్ అయితె కావాలని చేతికి రేడియం కట్టుకొని పుండు ఎట్లయితదో చూసిండు. ఆ పుండు చూసే, రేడియం తోని క్యాన్సర్ గడ్డల్ని కాల్చొచ్చు అనే వైద్యం తొవ్వ తెరుసుకున్నది. కనిపెట్టిన పద్ధతికి పేటెంట్ తీసుకుంటె కోట్లొచ్చేవి. ఆలుమగలు తీసుకోలే, లోకానికి ఉత్తగనే ఇచ్చేసిన్రు.

గప్పుడే ఒళ్లు చెప్పుడు మొదలువెట్టింది. ఇద్దరికీ ఎడతెగని నీరసం, నొప్పులు. మేరీ బక్కచిక్కింది. 1903ల ఆమెకు గర్భం పోయింది. అదే ఏడు బెక్వెరెల్‌తో కలిపి వాళ్లిద్దరికీ ఫిజిక్స్ నోబెల్ ఒచ్చింది. ముందుగాల మొగోళ్ల పేర్లే అనుకున్నరు, పియేర్ పట్టువడితెనే ఆమె పేరు చేరింది. బహుమతి తీసుకొనొచ్చే ఓపిక సుత అప్పుడు ఇద్దరికీ లేకుండె. పని ఎక్కువై అలిసిపోయినమనే అనుకున్నరు.

బండ్లేసుకొని యుద్ధానికి

1906 ఏప్రిల్ 19న వాన పడుతున్న పారిస్ రోడ్డు మీద గుర్రపు బండి కింద పడి పియేర్ చచ్చిపోయిండు. ఇద్దరు చిన్న బిడ్డలు, ఐరీన్‌కు ఎనిమిదేండ్లు, ఈవ్‌కు ఏడాదిన్నర. ఆయన చెప్పే పాఠం ఆగిన కాడికెల్లి మేరీ అందుకున్నది. సోర్బాన్‌ల పాఠం చెప్పిన మొదటి ఆడమనిషి ఆమే.

1911 ఆమెకు గడ్డు ఏడాది. ఫ్రాన్స్ సైన్స్ అకాడమీ ఓట్లల్ల ఓడగొట్టిన్రు. ఇంకో సైంటిస్టు పాల్ లాంజెవిన్ తోని ఆమె చనువును పేపర్లు వీధికెక్కిచ్చినయ్, పరాయి దేశపు ఆడిదని ఇంటి మీదికి జనం ఒచ్చిన్రు. అదే ఏడు కెమిస్ట్రీల రెండో నోబెల్ ఒచ్చింది. ఈ గొడవల నడుమ రాకున్నా మంచిదేనని కబురొచ్చినా ఆగలే. నా పనికి నా సొంత బతుకుకు సంబంధం లేదని తేల్చి చెప్పి, పోయి తీసుకున్నది. మర్సటేడు కిడ్నీ ఆపరేషన్ అయ్యి నెలలకొద్ది మంచాన పడ్డది.

1914ల మొదటి ప్రపంచ యుద్ధం. సిపాయిల ఒంట్ల తూటా ఏడున్నదో తెల్వక డాక్టర్లు ఎక్కడంటె అక్కడ కోస్తున్నరు. మేరీ మోటారు బండ్లల్ల ఎక్స్‌రే మిషన్లు ఎక్కిచ్చింది, తానే బండి నడుపుడు నేర్చుకున్నది. 17 ఏండ్ల బిడ్డ ఐరీన్‌ను తోలుకొని యుద్ధం జరిగే కాడికి పోయింది. ఇరవై దాకా బండ్లు, 200 ఎక్స్‌రే గదులు నిలబెట్టింది, 150 మంది దాకా ఆడోళ్లకు ఆ పని నేర్పింది. ఆ మిషన్లు వేలకు వేలమంది సిపాయిలను కాపాడినయ్. అప్పుడు మిషన్ ముంగట నిలబడ్డోళ్లకు సరైన అడ్డు ఏమీ లేకుండె. నాలుగేండ్లు ఆ కిరణాలు తల్లీ బిడ్డల ఒంట్లకెల్లి పోయినయ్.

గప్పటికే రేడియం అంటె లోకం పిచ్చెక్కిపోయింది. మొఖానికి రాసే క్రీముల్ల, తాగే నీళ్లల్ల కలిపి అమ్మిన్రు. అమెరికాల గడియారం ముల్లులకు రేడియం రంగేసే ఫ్యాక్టరీలల్ల పడుచు పోరీలు పని చేసేటోళ్లు. కుంచె కొస సన్నగ కావాలంటె పెదాలతోని తడుపుమని వాళ్లకు నేర్పిన్రు. రేడియం మన ఒంటికి కాల్షియం లెక్క కనవడ్తది, సక్కగ పోయి బొక్కలల్ల కూసుంటది. దవడలు పుచ్చి, నెత్తురు ఇరిగి వాళ్లు చచ్చిపోయిన్రు. ఫ్యాక్టరీ కెమిస్టులు మాత్రం సీసపు అడ్డం పెట్టుకొని, పట్టకార్లతోని పని చేసేటోళ్లు. న్యూజెర్సీల ఐదుగురు పోరీలు మంచాల మీదికెల్లే కేసేసి 1928ల పరిహారం రాబట్టిన్రు. ఆ రంగు తయారు చేసిన ఆయన సుత అదే ఏడు అప్లాస్టిక్ అనీమియా తోనే పోయిండు.

మేరీకి ఇవన్నీ తెల్వకనా? 1920ల నడుమ ఇట్ల పనిచేసేటోళ్లకు సీసం అడ్డం పెట్టాలె, నెత్తురు పరీక్షలు చెయ్యాలె అని చెప్పిన కమిటీల ఆమె సుత ఉన్నది. తన ల్యాబుల పిల్లలను జాగ్రత్తగ ఉండుమనేది. తన కాడికొచ్చేసరికి మాత్రం పాత అలవాటే. కండ్లల్ల శుక్లాలొచ్చి చూపు మందగిస్తె దాచిపెట్టుకున్నది, కాయిదాల మీద అక్షరాలు పెద్దగ రాసుకున్నది. గాలి మారితె అంతా సర్దుకుంటదని అనుకునేది. నా కోపం ఆమె మీద ఇక్కడే. పట్టుదల ఉన్న మనుషులు ఒళ్లు చెప్పే మాట ఇనరు. ఆమె లెక్కనే మా తమ్ముడు సుత, చిగుళ్లకెల్లి నెత్తురు కారుకుంటనే ఇంకో ఎకరం మందు కొట్టిండు.

ఆఖరి పరీక్ష

1934 మే నెలల జరం తోని ల్యాబు నుంచి ఇంటికి పోయిన మేరీ మళ్ల తిరిగి రాలే. ఫ్లూ అన్నరు. పాత టీబీ తిరగబెట్టిందన్నరు. ఆల్ప్స్ కొండల్ల సాన్సెల్‌మోజ్ అనే దవాఖానకు రైల్ల తీస్కపోయిన్రు. ఆ బలహీనతల ప్రయాణమే ఒక శిక్ష. అక్కడ మళ్ల ఎక్స్‌రేలు తీసి చూస్తె ఊపిరితిత్తులల్ల ఏమీ లేదు. జెనీవాకెల్లి ఒచ్చిన పెద్ద డాక్టర్ నెత్తురు పరీక్షల కాయిదాలు ముంగటేసుకొని ఒకదాని పక్కన ఒకటి చూసిండు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు రెండూ దినదినం పడిపోతున్నయ్. గప్పుడు తెలిసింది అసలు బీమారి. 1934 జులై 4 పొద్దుగాల ఆమె పానం పోయింది. 66 ఏండ్లు. ఎముకల మూలుగ దెబ్బతిన్నదని, ఏండ్లకొద్ది ఒంట్ల చేరిన కిరణాలే కారణం కావొచ్చని దవాఖాన డాక్టర్ రాసిండు.

మూలుగ అంటె ఏందో మనకు కొత్తగ చెప్పే పని లేదు. నల్లి బొక్క చప్పరిస్తె ఒచ్చేది అదే. మనిషి బొక్కలల్ల అది నెత్తురు తయారు చేసే బట్టీ. ఊపిరి మోసే ఎర్ర కణాలు, రోగాల మీద కొట్లాడే తెల్ల కణాలు, గాయమైతె నెత్తురు ఆపే ప్లేట్‌లెట్లు, మూడూ అక్కడ్నే పుడ్తయ్. అప్లాస్టిక్ అనీమియాల ఆ బట్టీ చల్లారిపోతది, మూలుగ జాగల కొవ్వు నిండుతది. అందుకే మూడూ ఒక్కసారి పడిపోతయ్. ఎర్రవి తగ్గితె ఆయాసం, తెల్లవి తగ్గితె జరం, ప్లేట్‌లెట్లు తగ్గితె చుక్కలు, కమురు గాయాలు, చిగుళ్ల నెత్తురు. 1888ల జర్మనీ డాక్టర్ పౌల్ ఎర్లిష్ దీన్ని మొదటిసారి గుర్తువట్టి రాసిండు.

ఇది మామూలు రక్తహీనత కాదు. ఐరన్ గోళీలకు, పాలకూరకు, దానిమ్మ పండుకు లొంగది. మేరీ పోయిన 1934లనే కాలేయం తినిపిచ్చి ఇంకో రకం రక్తహీనత నయం చేసిన ముగ్గురు డాక్టర్లకు నోబెల్ ఒచ్చింది. ఆమెకు అది పని చేసేది కాదు, ఎందుకంటె అక్కడ తక్కువైంది విటమిన్, ఇక్కడ కాలిపోయింది బట్టీ.

అసలు కారణం ఏంది?

నేను డాక్టర్‌ను అడిగిన మొదటి మాట ఇదే. మందు కొట్టుడు వల్లనే ఒచ్చిందా సార్ అని. చెప్పలేం అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. తర్వాత తెలిసింది, ఈ బీమారి ఒచ్చినోళ్లల్ల ఎక్కువ మందికి కారణం ఇదీ అని తేలదు. చాలామందిల జరిగేది ఒకటే, ఒంటిని కాపాడాల్సిన టి కణాలే దారి తప్పి మూలుగ మీద పడ్తయ్. వాటిని ఎవరు రెచ్చగొట్టిన్రన్నది తెలియదు.

తెలిసిన కారణాలు కొన్ని ఉన్నయ్. పెద్ద మోతాదు రేడియేషన్ ఒకటి. బెంజీన్ ఇంకోటి, అది పెట్రోల్ల ఉంటది. మెకానిక్ షెడ్లల్ల పెట్రోల్ పోసుకొని చేతులు కడుక్కునే తమ్ముళ్లు ఈ ముక్క గుర్తువెట్టుకోవాలె. కొన్ని మందులు ఉన్నయ్. ఒకప్పుడు టైఫాయిడ్‌కు తెగ వాడిన క్లోరాంఫెనికాల్, కొన్ని ఫిట్స్ మందులు, కొన్ని సల్ఫా గోళీలు వేలల్ల ఒక్కరికి ఇట్ల చేస్తయ్. కొందరికి కామెర్లు తగ్గిన కొన్ని వారాలకు ఒస్తది. ఫాంకోని అనీమియా అనేది పుట్టుకతోనే ఒచ్చేది, తల్లిదండ్రులిద్దరి నుంచి లోపం కలిస్తె పుడ్తది. మేనరికాలల్ల ఆ ప్రమాదం ఎక్కువ. పురుగు మందుల సంగతికొస్తె, 2006ల అచ్చయిన థాయ్‌లాండ్ పరిశోధన కొన్ని రకాలతోని సంబంధం ఉన్నట్టు చూపిచ్చింది. అట్లని ఒక్క మనిషిని చూపిచ్చి వీనికి దీనివల్లనే ఒచ్చిందని ఏ డాక్టరూ రాసియ్యలేడు.

మేరీ విషయంల సుత ఇదే అయ్యింది. అరవై ఏండ్లు లోకమంతా రేడియమే చంపిందన్నది. 1995ల ఆమె శవపేటికను పారిస్ పాంథియోన్‌కు మార్చేటప్పుడు రేడియేషన్ కొలిచిన్రు. అనుకున్నంత లేదు. రేడియం కన్న యుద్ధం నాటి ఎక్స్‌రేలే ఎక్కువ దెబ్బ తీసి ఉంటయని అక్కడి అధికారులు అంచనా వేసిన్రు. ఆమె రాసుకున్న నోటు పుస్తకాలు మాత్రం ఇప్పటికీ సీసం పెట్టెలల్లనే ఉన్నయ్, ఎందుకంటె రేడియం సగం తగ్గాలంటెనే 1600 ఏండ్లు పడ్తది. ఇది చదివి ఎవరూ ఎక్స్‌రేకు భయపడొద్దు. ఇయ్యాల డాక్టర్ రాసే ఛాతి ఎక్స్‌రేల ఒచ్చేది చానా తక్కువ మోతాదు, మేరీ పడ్డదాని పక్కన పెట్టరాదు.

నాకర్థమైంది ఒకటే. కారణం తేలేదాక ఆగితె మనిషి మిగలడు. మాస్కు, చేతి తొడుగులు, గాలి వాటం చూసుకొని కొట్టుడు, ఇవి రుజువు దొరికినంక చేసే పనులు కావు.

ఇయ్యాల మందు ఉన్నది

మేరీకి లేనిది, మనకున్నది ఇదే. 1934ల ఈ బీమారి అంటె చావే. తర్వాత డొనాల్ థామస్ అనే అమెరికా డాక్టర్ ఒకరి మూలుగ ఇంకొకరికి ఎక్కిచ్చే వైద్యం నిలబెట్టిండు, 1990ల నోబెల్ తీసుకున్నడు. అక్కాచెల్లెండ్లు, అన్నదమ్ములల్ల ఒక్కొక్కరికి కలిసే అవకాశం నాలుగొంతులల్ల ఒకటి. కలిసి, వయసు చిన్నదైతె, మంచి సెంటర్లల్ల పదిమందిల ఎనిమిది మందికి పైనే బతుకుతున్నరు. కలవకుంటె ఏటీజీ అనే మందు ఉన్నది. పాముకాటు మందు గుర్రం నెత్తురుకెల్లి తీసినట్టే దీన్ని సుత తీస్తరు. అది దారి తప్పిన టి కణాలను అణుస్తది. దాంతోని సైక్లోస్పోరిన్ గోళీలు, ఇప్పుడు ఎల్‌ట్రోంబోపాగ్ అనే గోళీ సుత కలుపుతున్నరు. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలె. మూడొంతులల్ల రెండొంతుల మందికి పని చేస్తది.

ఇండ్ల మన భీమవరం బిడ్డ ఉన్నడని తెలిసి ఆశ్చర్యపోయిన. అమెరికాల ఎల్లాప్రగడ సుబ్బారావు జట్టు తయారు చేసిన మందులల్ల మెథోట్రెక్సేట్ ఒకటి. మూలుగ ఎక్కిచ్చినంక కొత్త కణాలు మనిషి ఒంటి మీద తిరగబడకుంట ఆపేటందుకు ఆ మందునే వాడ్తరు. మా తమ్మునికి సుత అదే ఇచ్చిన్రు. ఇంకో సంగతి, ఇసొంటి పేషెంట్లకు ఎక్కిచ్చే నెత్తురును ముందుగాల రేడియేషన్ కింద పెడ్తరు, అండ్ల హాని చేసే కణాలు చచ్చేటట్టు. మేరీని చంపిన కిరణమే కొలత ప్రకారం వాడితె పానం నిలబెడ్తది.

వాడు పడిపోయిన దినం నేను చొక్కా చెయ్యి మడిచి నా నెత్తురు తీసుకొమ్మన్న. డాక్టర్ వద్దన్నడు. రేపు మూలుగ నీదే కావాల్సి రావొచ్చు, ఇప్పుడు నెత్తురు ఇస్తె వాని ఒళ్లు నిన్ను శత్రువని గుర్తువడ్తదని చెప్పిండు. వేరేటోళ్లు ఇచ్చిన్రు. పరీక్ష చేస్తె నాది కలవలే. అక్కది కలిసింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి, అత్తగారింట్ల గొడవ పెట్టుకొని మరీ ఒచ్చింది. నడుము బొక్కకెల్లి మూలుగ తీసిన్రు, రెండు దినాలకు లేచి నడిచింది. ఒక ఎకరం పోయింది, అప్పు ఇంకా ఉన్నది. తమ్ముడు ఉన్నడు. నిన్న ఫోన్ చేసి క్రికెట్ ఆడొచ్చునా అని అడిగిండు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, దెబ్బ తగలకుంట నల్లగ కమిలితె, కాళ్ల మీద ఎర్ర చుక్కలు ఒస్తె, చిగుళ్ల నెత్తురు ఆగకుంటె, దాంతోని జరం ఒస్తె సూది, నొప్పి గోళీ జోలికి పోకుండ్రి. ముందుగాల సీబీపీ చేయించుండ్రి. ఆ కాయిదం మీద మూడు లెక్కలు చూడుండ్రి, ఎర్రవి, తెల్లవి, ప్లేట్‌లెట్లు. మూడూ కలిసి పడ్డయంటె ఆ దినమే పెద్ద దవాఖానకు పోవాలె, రేపన్నది లేదు.

మేరీ బిడ్డ ఐరీన్ సుత 1956ల నెత్తురు క్యాన్సర్ తోనే పోయింది, 58 ఏండ్లకు. ల్యాబుల అడుగువెట్టని చిన్న బిడ్డ ఈవ్ 102 ఏండ్లు బతికింది. లోకంల అందరికన్న సన్నటి కొలతలు కొలిచిన మనిషి మేరీ. తన నెత్తురు లెక్క మాత్రం ఆఖరి నెలల వేరేటోళ్లు చూసిన్రు. మన లెక్క మనం ముందుగాలనే చూసుకుందాం.